జల్లెడ ఎంత సన్నగా ఉండాలి?



పిండి జల్లించే స్త్రీలకు ఒక సంగతి బాగా తెలుసు. జల్లెడ మరీ ముతకగా ఉంటే తవుడు, నలక, పురుగు అన్నీ పిండితో కలిసి కిందికి దిగిపోతాయి. మరీ సన్నగా ఉంటే మంచి పిండి కూడా పైననే నిలిచిపోయి తవుడుతో పాటు పశువుల కుడితిలోనికి పోతుంది. అందుచేత ఏ పిండికి ఏ జల్లెడ అని చూచుకొని వాడతారు. ఈ నెల మీతో మాట్లాడదలచినది అటువంటి ఒక జల్లెడను గూర్చియే. అయితే అది వంటింటిలోనిది కాదు, మన ఫోనులకు సందేశములు అందించే యంత్రములలోనిది.

ఈ రోజులలో మన పల్లెలలో సైతము ఫోను లేని ఇల్లు అరుదు. "మీకు ఇరవై అయిదు లక్షల లాటరీ తగిలింది." "ఈ రాత్రికి మీ కరెంటు తీసేస్తాము, వెంటనే ఈ నంబరుకు ఫోను చేయండి." "పూచీ లేకుండా అయిదు నిమిషములలో అప్పు." "మా ఇంటి పెళ్ళి శుభలేఖ, ఈ ఫైలు తెరిచి చూడండి." ఇటువంటివి మీలో చాలామంది చూచే ఉంటారు. అడగకుండా, ఎరుగని వారి నుండి, ఒకే మాట వేలమందికి వచ్చిపడే ఇటువంటి సందేశములను స్పామ్ అంటారు.

ఈ పేరు వెనుక ఒక చిన్న కథ ఉంది. స్పామ్ అనేది 1937లో అమెరికాలో అమ్మకమునకు వచ్చిన ఒక డబ్బా మాంసము పేరు. 1970లో బ్రిటిష్ టెలివిజన్‌లో ఒక హాస్య నాటిక వచ్చింది. అందులో ఒక హోటలులో దాదాపు ప్రతి వంటకములోను ఆ మాంసము ఉండనే ఉంటుంది. ప్రక్క బల్ల దగ్గరివారు ఆ పేరునే గట్టిగా పాడుతూ ఉంటే ఎవరి మాట ఎవరికీ వినబడదు. అడగని సందేశములు కూడా అసలు మాటలను అలాగే ముంచివేస్తాయి గనుక వాటికి ఆ పేరే నిలిచిపోయింది.

మా సంఘములో పెరిగిన ఒక యువకుడు హైదరాబాదులో చాట్ సర్వర్లను చూచే పని చేస్తున్నాడు. నేను చదివినది వేదశాస్త్రములో డిప్లొమా మాత్రమే, కంప్యూటరు చదువు కాదు. అయినను సంఘస్థులు ఫోనులు పట్టుకొని వచ్చి "అయ్యగారూ, ఇది నిజమేనా?" అని అడుగుచుండగా, ఈ సంగతి కొంతైనా తెలిసికొనాలని నాకు అనిపించింది. అతడు సెలవులకు వచ్చినపుడు రెండు సాయంత్రములు మా అరుగు మీద కూర్చుండబెట్టి అడిగాను. అతడు చెప్పినవి, ఆ తరువాత నేను చదివి తెలిసికొన్నవి మీ ముందు ఉంచుతున్నాను.

తలుపు తెరిచిన ఊరు

చాట్ సర్వర్ అనగా ఏమిటి? అది పోస్టాఫీసు వంటి కంప్యూటరు. మీరు పంపిన మాట తిన్నగా అవతలి ఫోనుకు పోదు. ముందు సర్వర్‌కు పోతుంది. సర్వర్ చిరునామా చూచి అవతలి వారికి అందిస్తుంది. జల్లెడ పట్టవలసినది ఎక్కువగా అక్కడనే.

1999 జనవరిలో అమెరికాకు చెందిన జెరెమీ మిల్లర్ అనే యువకుడు జాబర్ అనే చాట్ పద్ధతిని లోకమునకు తెలియజేశాడు. ఆ పద్ధతిలో ఎవరైనా తమ సొంత సర్వర్ పెట్టుకోవచ్చు. ఒక సర్వర్‌లోని వ్యక్తి మరొక సర్వర్‌లోని వ్యక్తితో స్వేచ్ఛగా మాట్లాడవచ్చు. 2004లో ఇది ఎక్స్‌ఎంపీపీ అను పేరున అంతర్జాతీయ ప్రమాణముగా అంగీకరించబడింది. ఈ పద్ధతిలో నడిచే సర్వర్లలో ఒకటైన ఈజాబర్డీని 2002లో అలెక్సీ షెపిన్ అనే ప్రోగ్రామర్ ఆరంభించాడు. 2009లో పుట్టిన వాట్సాప్ సైతము తన తొలి సర్వర్‌ను ఈ ఈజాబర్డీ మీదనే కట్టుకొంది. కనుక ఈ కథ మనకు దూరపుది కాదు.

తలుపులు తెరిచి ఉన్న ఊరిలోనికి మంచివారు వస్తారు, దొంగలూ వస్తారు. చాలా సర్వర్లలో ఎవరైనా, ఏ ప్రశ్న లేకుండా ఖాతా తెరువవచ్చు. ఈ వీలు చూచుకొని వ్యాపారులు, మోసగాళ్ళు మనుషులతో పని లేకుండా ప్రోగ్రాముల చేత వేలకొలది ఖాతాలు తెరిపించి, వాటి నుండి ఊరందరికీ ప్రకటనలు పంపించారు. యజమాని చూచుకొనక వదిలివేసిన సర్వర్లు వారికి పాడుబడిన సత్రముల వలె ఉపయోగపడ్డాయి.

అప్పుడు సర్వర్ వ్రాసేవారు ఒక్కొక్క మెట్టుగా జల్లెడను బాగుచేస్తూ వచ్చారు.

మొదటిది, గుమ్మము దగ్గర నిదానము. ఈజాబర్డీలో మామూలుగా ఒకే ఇంటర్నెట్ చిరునామా నుండి 10 నిమిషములకు ఒక్క క్రొత్త ఖాతా మాత్రమే తెరువనిస్తారు. మనిషికి ఇది ఏమీ అడ్డు కాదు. వేల ఖాతాలు కావలసిన ప్రోగ్రాముకు మాత్రము కాళ్ళకు బంధము వేసినట్లే.

రెండవది, అపరిచితులను ఆపుట. మీ పరిచయస్థుల పట్టికలో లేని వారి నుండి వచ్చిన సందేశమును సర్వర్ మీకు అందించకుండా ఆపగలదు. దీనికి ఈజాబర్డీలో ప్రత్యేకముగా ఒక భాగమే ఉంది.

మూడవది, చిన్న పరీక్ష. అపరిచితుని పూర్తిగా వెళ్ళగొట్టుటకు బదులు, వంకరటింకర అక్షరములున్న బొమ్మ చూపించి, చదివి చెప్పితే లోనికి రానిస్తారు. దీనిని క్యాప్చా అంటారు. మనిషి చదువగలడు, యంత్రము చదువలేదు అనే నమ్మకము మీద ఇది నిలిచింది. కాలక్రమమున యంత్రములు చదువ నేర్చాయి. చూపు మందగించిన పెద్దలకు మాత్రము అది కష్టముగానే మిగిలింది.

నాలుగవది, ఇరుగుపొరుగు సహకారము. ఒక సర్వర్ యజమానికి పట్టుబడిన చెడ్డ చిరునామాలను ఇతరులకు కూడా తెలియజేసే ఉమ్మడి పట్టికలు వచ్చాయి. ఒక వీధిలో దొంగ పట్టుబడితే ప్రక్క వీధికి కబురు పంపినట్లు ఇది. 2025 జూలైలో వెలువడిన ఈజాబర్డీలో దీని కొరకు ఒక క్రొత్త భాగమును చేర్చారు. చెడ్డ ఖాతాలు, చెడ్డ లింకులు, చెడ్డ సర్వర్ల పట్టికలను అది చూచుకొంటుంది. వాటితో పాటు, వీరిని ఆపవద్దు అని చెప్పే మంచివారి పట్టికను కూడా దానికి ఇవ్వవచ్చు. ఈ చివరి మాటను జ్ఞాపకముంచుకోండి.

ఒక పాదిరి లెక్క

జల్లెడలలో మరొక రకము ఉంది. అది పంపినవాని చిరునామాను కాక, వ్రాసిన మాటలను తూచి చూస్తుంది. దీని వెనుకనున్న లెక్క ఒక సువార్త సేవకునిది అని తెలిసినపుడు నాకు ఆశ్చర్యము, సంతోషము కలిగాయి. ఇంగ్లాండులోని టన్‌బ్రిడ్జ్ వెల్స్ అను ఊరిలో థామస్ బేయస్ అనే ప్రెస్బిటేరియన్ పాదిరి ఉండేవాడు. ఆయన 1761లో చనిపోయాడు. ఆయన వ్రాసిపెట్టిన ఒక గణిత వ్యాసమును మరొక పాదిరియైన రిచర్డ్ ప్రైస్ సరిచూచి 1763లో ప్రచురింపజేశాడు. క్రొత్త సాక్ష్యము వచ్చినపుడు మన మునుపటి అంచనాను ఎంత మార్చుకోవాలి అన్నదే ఆ లెక్క సారాంశము.

ఇది స్పామ్‌కు ఎలా పనికివస్తుంది? చెడ్డవని తేలిన 100 సందేశములు ఒక కుప్పగా, మంచివి 100 మరొక కుప్పగా పోశామనుకోండి. "బహుమతి" అనే మాట చెడ్డ కుప్పలో 40 సందేశములలో, మంచి కుప్పలో 2 సందేశములలో కనబడిందనుకొందాము. ఇకమీదట ఆ మాటతో సందేశము వస్తే అది చెడ్డదగుటకు 42లో 40 పాళ్ళు అవకాశమని లెక్క. అయితే ఒక్క మాటతో తీర్పు తీర్చరు. అదే సందేశములో "అత్తయ్య", "వరికోత", "బడి" వంటి మాటలు ఉంటే త్రాసు మరల మంచివైపు మొగ్గుతుంది. మంచి చెడ్డ మాటలన్నిటినీ కలిపి తూచి, చివరికి నిర్ణయిస్తారు.

1998లో కొందరు అమెరికా పరిశోధకులు ఈ లెక్కను ఈమెయిలుకు వర్తింపజేశారు. 2002లో పాల్ గ్రాహమ్ అనే ప్రోగ్రామర్ వ్రాసిన ఒక వ్యాసముతో ఇది బహుగా వ్యాపించింది. ఆయన చేసిన ఒక చిన్న పని నాకు మిక్కిలి నచ్చింది. మంచి కుప్పలో ఒక మాట ఎన్నిసార్లు కనబడితే ఆ సంఖ్యను ఆయన రెట్టింపు చేసి లెక్క కట్టాడు. పై ఉదాహరణలో 2 అనేది 4 అవుతుంది. ఎందుకు? పది స్పామ్‌లు లోనికి వచ్చినా మనిషి చెరిపివేసుకోగలడు. ఒక్క మంచి ఉత్తరము చెత్తలో పడిపోతే దానిని ఎవరూ వెదకరు. కనుక అనుమానమున్నపుడు త్రాసు మంచివైపు మొగ్గేటట్లు ఆయన ముందుగానే ఏర్పాటు చేశాడు.

అయితే ఈ లెక్క చాట్‌లో ఈమెయిలులో వలె పారదు. ఉత్తరములో వందల మాటలు ఉంటాయి. చాట్‌లో "బాగున్నారా" అని ఒక్క మాటే ఉండవచ్చు. తూచుటకు సరుకు చాలదు. పైగా మనము తెలుగు మాటను ఇంగ్లీషు అక్షరములలో పదిమంది పది విధములుగా వ్రాస్తాము. యంత్రమునకు అవి పది వేర్వేరు మాటలుగా కనబడతాయి.

అంటించిన కవరు

ఇంకొక అడ్డు కూడా ఉంది. 2016 ఏప్రిల్ నుండి వాట్సాప్‌లో వ్యక్తుల సందేశములన్నీ తాళము వేసిన పెట్టెలో వలె ప్రయాణము చేస్తున్నాయి. తాళపుచెవి పంపినవారి దగ్గర, అందుకొనేవారి దగ్గర మాత్రమే ఉంటుంది. మధ్యనున్న సర్వర్ చదువలేదు. మన ఇంటి మాటలు బయటివారు చదువకుండుట మేలే. మరి చదువని ఉత్తరము మంచిదో చెడ్డదో పోస్టుమాను ఎలా చెప్పగలడు?

ఉత్తరమును చదువలేడు గాని ఉత్తరము వేసేవాని నడతను చూడగలడు. 2019లో వాట్సాప్ తన పద్ధతులను వివరిస్తూ ఒక పత్రమును వెలువరించింది. ఖాతా తెరిచి 5 నిమిషములైనా కాకముందే 15 సెకండ్లలో 100 సందేశములు పంపేవాడు దాదాపు నిశ్చయముగా మోసగాడే అని అందులో ఉదాహరణ చెప్పారు. మనిషి టైపు చేయునప్పుడు అవతలివారికి "టైప్ చేస్తున్నారు" అని కనబడుతుంది కదా. అది ఎన్నడూ కనబడకుండానే సందేశములు కురిపించే ఖాతా కూడా అనుమానింపదగినదే. అప్పటికి నెలకు 20 లక్షలకు పైగా ఖాతాలను తీసివేస్తున్నామని, వాటిలో నూటికి 75కు పైగా ఎవరూ ఫిర్యాదు చేయకముందే పట్టుకొన్నవని ఆ పత్రము తెలిపింది. 2021 మే 15 నుండి జూన్ 15 వరకు ఒక్క మన దేశములోనే 20 లక్షల ఖాతాలను మూసివేశారు. వాటిలో నూటికి 95కు పైగా గుంపులుగుంపులుగా సందేశములు పంపినందుకే.

ఇంకొక చిన్న ఏర్పాటు ఉంది. వాట్సాప్‌లో బ్రాడ్‌కాస్ట్ పట్టిక ద్వారా ఒకే సందేశమును అనేకులకు పంపితే, పంపినవాని నంబరును తమ ఫోనులో వ్రాసుకొన్నవారికి మాత్రమే అది చేరుతుంది. ప్రతి ఉదయము వాక్యము పంపే నా వంటి సేవకులు ఇది తెలిసికొనుట మంచిది. యంత్రము కంటికి వాక్యము పంపేవాడు, లాటరీ సందేశము పంపేవాడు ఒకే విధముగా కనబడతారు. ఇద్దరూ ఒకే మాటను వందలమందికి పంపుతారు గదా! భేదమంతా అందుకొనేవాడు పంపినవానిని ఎరుగుటలో, కోరుకొనుటలో ఉంది.

కువైట్ నుండి వచ్చిన కబురు

ఇంతవరకు చెప్పినవన్నీ చెడ్డను ఆపుటను గూర్చినవి. మంచి ఆగిపోతే ఏమవుతుందో చెప్పాలి.

మా సంఘస్థురాలైన ఒక సహోదరి కువైట్‌లో ఇంటి పనికి వెళ్ళింది. మన గోదావరి జిల్లాల నుండి ఇలా వెళ్ళినవారు ఎందరో మీకు తెలుసు. అక్కడ ఆమె ఫోను పగిలిపోయింది. ఆరోగ్యము చెడింది. ఎవరో దయతలచి ఇచ్చిన పాత ఫోనులో, క్రొత్త నంబరు మీద, ఒక చాట్ యాప్ నుండి ఇంటివారికి వ్రాసింది. "ఇది నా కొత్త నంబరు. ఒంట్లో బాగోలేదు. టికెట్టుకు డబ్బు చూడండి." తల్లికి, తమ్మునికి, మేనమామకు, మరి ముగ్గురికి ఒకే మాట, ఒకటి వెంట ఒకటి పంపింది.

ఆ యాప్ జల్లెడ ఆమెను ఏమని చూచియుంటుంది? నిన్న తెరిచిన ఖాతా. విదేశపు నంబరు. ఎవరి ఫోనులోను వ్రాసుకొని లేదు. ఒకే మాట ఆరుగురికి. పైగా డబ్బు మాట. మోసగాని గుర్తులు ఒక్కటీ తక్కువ కాలేదు. ఆమె సందేశములు గంట మ్రోగకుండా, అపరిచితుల సందేశములుంచే ప్రత్యేకమైన అరలోనికి పోయాయి. అటువంటి అర ఒకటి ఉందని ఆ ఇంటివారిలో ఎవరికీ తెలియదు. ఎనిమిది రోజుల తరువాత తమ్ముడు ఫోనులో చోటు కొరకు పాతవి తీసివేస్తూ దానిని చూచాడు.

చూచిన తరువాత కూడా వారు భయపడ్డారు. "ఇలాంటి మోసాలు బోలెడు జరుగుతున్నాయి గదా, అయ్యగారూ" అన్నారు. అది తగిన భయమే. ఆమె తల్లి చదువుకోలేదు గాని తెలివిగలది. "మన ఇంట్లో ముందు పెంచిన గేదె పేరేంటో అడగరా" అని కొడుకుతో అంది. అడిగారు. కొంతసేపటికి జవాబు వచ్చింది. పేరు సరిపోయింది. దానితో పాటు ఏడుస్తూ పంపిన గొంతు కూడా వచ్చింది. "మీరంతా నన్ను వదిలేశారనుకున్నాను" అని ఆమె పలికిన మాట విన్నాను.

ఆమె క్షేమముగా ఇంటికి చేరింది. కాని ఆ ఎనిమిది రోజులను ఆమెకు ఎవరు తిరిగి ఇవ్వగలరు?

ఈ సంగతి ఆ యువకునికి చెప్పాను. అతడు కొంతసేపు మౌనముగా ఉండి ఇలా అన్నాడు. "అయ్యగారూ, మేము ఎన్ని చెడ్డవాటిని ఆపామో ప్రతి వారము లెక్క చూస్తాము. ఆ లెక్క తేలికగా దొరుకుతుంది. ఎన్ని మంచివాటిని ఆపామో లెక్క దొరకదు. ఆగిపోయినవాళ్ళు మా దగ్గరికి వచ్చి చెప్పుకోలేరు కదండీ." "మరి ఏమి చేస్తారు, బాబూ?" అని అడిగాను. అతడు మూడు మాటలు చెప్పాడు. అనుమానమున్న దానిని పారవేయకుండా ప్రక్కన ఉంచాలి. ప్రక్కన ఉంచామని ఇంటివారికి కనబడేటట్లు చెప్పాలి. ఆపిన వాటిలో కొన్నిటిని అప్పుడప్పుడు మనిషి చేత పరీక్ష చేయించి జల్లెడను సరిదిద్దాలి. ఆ మూడవది ఖర్చుతో కూడిన పని గనుక చాలాచోట్ల వెనుకబడుతుందని కూడా అతడు దాచకుండా చెప్పాడు.

నాకు తోచినది ఇది. జల్లెడ గొప్పతనమును అది ఆపిన తవుడును బట్టి మాత్రమే మెచ్చుకోకూడదు. అది పోగొట్టిన పిండిని కూడా చూడాలి. మోసగాడు వేషము మార్చుకొని రేపు మరల వస్తాడు. అతనికి వెయ్యి నంబర్లున్నాయి. నిజముగా ఆపదలో ఉన్నవారికి ఒక్క ఫోనే ఉంటుంది, అది కూడా తరచుగా ఇతరులదే. అందుచేత మరీ సన్నని జల్లెడ దెబ్బ ఎక్కువగా బీదవారికి, దూరదేశములో ఉన్నవారికి, క్రొత్త నంబరు తప్ప గతి లేనివారికి తగులుతుంది.

ఇంట్లో చేయవలసినవి

సర్వర్ ఎంత బాగుపడినా కొంత పని మన చేతిలో మిగిలి ఉంటుంది. ఇంటిల్లిపాది కూర్చుండి ఈ కొద్ది సంగతులు మాట్లాడుకోండి.

మీ చాట్ యాప్‌లో అపరిచితుల సందేశములుంచే అర ఎక్కడ ఉందో పిల్లల చేత వెదికించండి. వారమునకు ఒకసారి చూడండి. చూచుట వలన ప్రమాదము లేదు. ఎరుగనివారు పంపిన లింకు నొక్కుట, ఫైలు తెరచుట, డబ్బు పంపుట వలననే ప్రమాదము.

దూరమున ఉన్న బిడ్డలతో ముందుగానే ఒక గుర్తు మాట పెట్టుకోండి. ఇంటివారికి తప్ప ఎవరికీ తెలియని గేదె పేరు, చెట్టు పేరు ఏదైనా సరే. క్రొత్త నంబరు నుండి డబ్బు మాట వస్తే ముందు ఆ గుర్తు అడగండి, లేదా గొంతు విని ఇంకొక ప్రశ్న వేయండి. ఈనాడు గొంతును సైతము యంత్రములతో అనుకరిస్తున్నారు గనుక గొంతు ఒక్కటే చాలదు.

మోసమని నిశ్చయమైతే చెరిపివేసి ఊరుకొనకండి. యాప్‌లోనే రిపోర్ట్ అనే మాట ఉంటుంది, దానిని నొక్కండి. వాట్సాప్‌లో అలా నొక్కినపుడు ఆ వ్యక్తి మీకు పంపిన చివరి 5 సందేశములు పరిశీలన కొరకు చేరుతాయి. చదువలేని సర్వర్‌కు మీరిచ్చే సాక్ష్యము అదే. మీ ఒక్క ఫిర్యాదు వలన ఎక్కడో ఒక వృద్ధురాలు తప్పించుకోవచ్చు. అయితే అనుమానము మాత్రమే ఉన్నపుడు, కోపముతో, లేక వినోదము కొరకు ఎవరి మీదను రిపోర్ట్ నొక్కకండి. అబద్ధ సాక్ష్యము జల్లెడను కూడా చెడగొడుతుంది.

డబ్బు పోయినట్లయితే సిగ్గుపడి దాచుకొనక, ఆలస్యము చేయక 1930 నంబరుకు ఫోను చేయండి. ఇది కేంద్ర ప్రభుత్వము సైబర్ మోసముల కొరకు పెట్టిన నంబరు. ఎంత త్వరగా చెబితే ఆ డబ్బును బ్యాంకులలోనే నిలుపుటకు అంత అవకాశముంటుంది.

ప్రియులారా, తలుపు మూసివేసుకొనుట తేలిక. తెరచి వదిలివేయుట ఇంకా తేలిక. తలుపు దగ్గర నిలిచి, వచ్చినవాడు ఎవడో ఓపికగా విచారించుట మాత్రము కష్టమైన పని. సర్వర్లను వ్రాసే మన బిడ్డలు ఆ పనిని యంత్రమునకు నేర్పుటకు ప్రయాసపడుతున్నారు. మీ ఇంట్లో అటువంటి ఉద్యోగము చేసేవారు ఉంటే, ఈసారి సెలవులకు వచ్చినపుడు ఒక ప్రశ్న అడగండి. "నాయనా, మీ జల్లెడలో ఈ వారము ఎంత మంచి పిండి ఆగిపోయింది?" ఆ ప్రశ్న వారు మరచిపోకుండా ఉంటే చాలు.